ఆరుగురు చాలు: ఐటీ ఉద్యోగాల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు కాపు కాసుకోవడం ఎలా

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆడవాళ్ళు "ఇక నావల్ల కావట్లేదు" అంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహాలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి. నాలుగు రోజులు సెలవు పెట్టు, ఊరెళ్ళి రా, పొద్దున్నే యోగా చెయ్యి. చెడ్డ సలహాలేం కావు. కానీ సెలవు అయిపోయి సోమవారం లాప్‌టాప్ తెరిచేసరికి సిస్టం మొరాయిస్తే ఏ వేళలోనైనా పలకాల్సిన అదే ఆన్‌కాల్ రోస్టరు, అదే రాత్రి పదిన్నర కాల్, లేచి చూస్తే అదే వంటిల్లు. అలసిపోయేలా చేసిన ఏర్పాటు అలాగే ఉంటే ఎంత విశ్రాంతి తీసుకున్నా రెండు వారాలు నిలవదు. ఆ ఏర్పాటును మార్చడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ పోస్టంతా ఒకే విషయం మీద: ఐదారుగురు ఆడవాళ్ళు పద్ధతిగా కూర్చుని, ఒకరి పనిభారం ఒకరు చూసుకునే చిన్న గ్రూపు ఎలా పెట్టుకోవాలి, అది ఎక్కడ చెడుతుంది అని.

ముందు బర్న్‌అవుట్, అంటే ఉద్యోగం మనిషిని పూర్తిగా అలగొట్టేయడం, ఎలా ఉంటుందో తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో జబ్బుగా కాకుండా, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా చేర్చింది. లక్షణాలు మూడు. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి లేదా చేదు, చేసిన పని ఎందుకూ కొరగాదన్న భావన. మొదటిది అందరికీ తెలుస్తుంది. రెండోది ఆ మనిషికి తప్ప అందరికీ కనిపిస్తుంది: తోటివాళ్ళ కోడ్ చూసే కోడ్ రివ్యూలో వరుసపెట్టి ప్రశ్నలు రాసే ఆవిడ ఇప్పుడు చూడకుండానే అప్రూవ్ కొట్టేస్తుంది, డిజైన్ చర్చలో "మీరెలా అంటే అలా" అని కెమెరా ఆపేస్తుంది. మూడోది వచ్చేసరికి ఆవిడే తన మీద తను తీర్పు చెప్పేసుకుని ఉంటుంది, "నాకు చేతకాదు" అని. బయట నుంచి చూసే నాలుగు కళ్ళు ఉండాలని అంటున్నది ఈ రెండో దశను పట్టుకోవడానికే.

అలసట అంతా బర్న్‌అవుట్ కాదు, ఇది గట్టిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భిణులు కాని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు ముందే పడిపోయి ఉండొచ్చు, అది ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. కాబట్టి గ్రూపులో ఎవరైనా నెల రోజులుగా ఒళ్ళు ఈడ్చుకుంటూ తిరుగుతుంటే మొదటి ప్రశ్న "మేనేజరు ఏమన్నాడు" అని కాకుండా "సీబీపీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, బీ12 రక్త పరీక్షలు చేయించావా" అని ఉండాలి. రిపోర్టు డాక్టరుకే చూపించాలి, గ్రూపులో మందులు చెప్పుకోవద్దు. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. బర్న్‌అవుట్ ఎక్కువగా పని చుట్టూనే తిరుగుతుంది. రెండు వారాల పాటు దాదాపు రోజూ దిగులు, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ తారుమారు కావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి గ్రూపు సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

భారం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఈ రంగంలో దశాబ్దాలుగా పరిశోధన చేసిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ బర్న్‌అవుట్‌కి ఆరు మూలాలు చెప్పారు: పని మోతాదు, పని మీద మన అదుపు, గుర్తింపు, తోటివాళ్ళతో సంబంధం, న్యాయం, విలువలు. మనం మొదటిదాని గురించే మాట్లాడతాం. ఐటీ ఆడవాళ్ళ విషయంలో అదుపు, న్యాయం దగ్గరే అసలు నొప్పి ఉంటుందని నా నమ్మకం.

అదుపు అంటే ఇక్కడ ముందుగా గడియారం. అమెరికా పసిఫిక్ సమయం మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదమూడున్నర గంటలు వెనక. అంటే వాళ్ళ పొద్దున తొమ్మిది గంటల మీటింగు మనకి ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నరకి, చలికాలంలో పదిన్నరకి పడుతుంది. నవంబరులో ఎవరూ ఎవర్నీ అడగరు, క్యాలెండర్ దానంతటదే గంట జరిగిపోతుంది. ఆ గంట ఎవరి నిద్రలోంచి పోయిందో ఎక్కడా నమోదు కాదు. గ్రూపు చేయగలిగిన మొదటి పని అక్టోబరు మూడో వారంలోనే దీన్ని గుర్తుచేయడం. అప్పుడు టీమ్‌లో ఇలా అడగొచ్చు: "నవంబరు నుంచి ఈ కాల్ ఒక నెల మన రాత్రి, ఒక నెల వాళ్ళ సాయంత్రం పెడదామా? మనకి పొద్దున ఎనిమిదిన్నర అంటే వాళ్ళకి ముందురోజు రాత్రి ఏడు." అడిగే ముందు టీమ్‌లో మిగతా తల్లుల్ని కనుక్కోవాలి. పిల్లల స్కూలు బస్సు వచ్చే వేళకి కాల్ పెడితే రాత్రి కాలే నయమనిపిస్తుంది.

ఆన్‌కాల్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గూగుల్‌లో సర్వీసులు ఆగకుండా చూసే ఎస్‌ఆర్‌ఈ టీములు బయటపెట్టిన కొలత ప్రకారం ఒక ఇంజనీరు సమయంలో ఆన్‌కాల్ 25 శాతం మించకూడదు, పన్నెండు గంటల షిఫ్టులో సంఘటనలు, అంటే సిస్టం చెడిన సందర్భాలు, రెండు దాటకూడదు. రెండే ఎందుకంటే, ఒక్కో సంఘటనకి కారణం వెతకడం, సరిచేయడం, ఎందుకు జరిగిందో పోస్ట్‌మార్టం రాయడం కలిపి సగటున ఆరు గంటలు పడుతుంది. ముందు పలికే ప్రైమరీ ఒకరు, వాళ్ళు అందకపోతే పలికే సెకండరీ ఒకరు, వారం చొప్పున తిరిగితే ఒక్కొక్కరికి 25 శాతం పడాలంటే ఒకే ఊరి టీమ్‌లో ఎనిమిది మంది కావాలి. మీ రోస్టర్‌లో నలుగురే ఉంటే ప్రతి ఒక్కరూ నాలుగు వారాల్లో రెండు వారాలు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటున్నట్టు. "చాలా కష్టంగా ఉంది సార్" అనే కంటే ఈ లెక్క కాగితం మీద పెట్టి "ఇంకో ఇద్దరిని కలుపుదామా, లేక సెకండరీని తీసేద్దామా, లేక అలర్టులు తగ్గించడానికి ఒక స్ప్రింట్, అంటే ఒక పని విడత, ఇస్తారా" అని అడిగితే సమాధానం వేరేలా వస్తుంది. మూడు దారులు చూపించారు కాబట్టి "చూద్దాం" అని దాటేయడం కష్టం.

న్యాయం సంగతికి వస్తే, లెక్కలోకి రాని పనులు. మీటింగు నోట్స్, కొత్తవాళ్ళకి సెటప్, పుట్టినరోజు కేకు, సంక్రాంతి ముగ్గుల పోటీ. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి 2017లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వేసిన పరిశోధన దీని మీదే. ఆడా మగా కలిసిన గ్రూపుల్లో ఇలాంటి పనికి ఆడవాళ్ళే ఎక్కువగా ముందుకొచ్చారు, అడిగేవాళ్ళు కూడా వాళ్ళనే ఎక్కువగా అడిగారు. మగవాళ్ళు మాత్రమే ఉన్న గ్రూపుల్లో మాత్రం వాళ్ళు చక్కగా ముందుకొచ్చారు. అంటే మీరు తప్పుకుంటే పని ఆగిపోదు.

అందుకే గ్రూపులో చేరినవాళ్ళు మొదటి రెండు వారాలు ఒక లెక్క రాయాలి. నాలుగు గళ్ళు: పని ఏంటి, ఎన్ని నిమిషాలు, ఎవరు అడిగారు, అప్రైజల్‌లో లెక్కకొస్తుందా. ఒక వారం ఇలా ఉంటుంది:

మంగళవారం. స్ప్రింట్ నోట్స్. 20 నిమిషాలు. మేనేజరు. రాదు.
బుధవారం రాత్రి 11.10. ప్రొడక్షన్ అలర్టు, డిస్క్ నిండింది. 45 నిమిషాలు. పేజర్. రాదు.
గురువారం. కొత్తగా చేరిన అబ్బాయికి లోకల్ సెటప్. 90 నిమిషాలు. టీమ్ లీడ్. రాదు.
శుక్రవారం. ముగ్గుల పోటీ రంగులు, బహుమతులు. 60 నిమిషాలు. హెచ్ఆర్. రాదు.

మొత్తం 215 నిమిషాలు, మూడున్నర గంటల పైనే. ఇది ఫోన్‌లోనో సొంత నోటుపుస్తకంలోనో రాయాలి, ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు. క్లయింటు పేరు, కోడు, టికెట్ నంబరు ఏవీ రాయకూడదు. ఎన్‌డీఏ, అంటే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటారు, గ్రూపులో వేరే కంపెనీవాళ్ళు ఉంటారు. అదే రోజు రాయాలి. వారం చివర గుర్తు తెచ్చుకుని రాస్తే చిన్న పనులన్నీ జారిపోతాయి, మనకి కావలసింది ఆ చిన్నవే.

ఈ కాగితం చేతిలో ఉంటే "నోట్స్ నువ్వు రాసేయమ్మా" అన్నప్పుడు ఏమనాలో గ్రూపులో ముందే నోటికి తెచ్చుకోవచ్చు. "ఈ స్ప్రింట్ నేను రాశానండి. వచ్చేసారి నుంచి పేర్ల వరుసలో తిప్పుదాం, ఇప్పుడే ఛానెల్‌లో వరుస పెట్టేస్తాను." మీరు చేయనన్నట్టు కాదు, పనికి ఒక పద్ధతి పెట్టినట్టు. బయటికి మూడుసార్లు గట్టిగా చదివి చూడండి. మాట తడబడేది మొదటి వాక్యం దగ్గరే.

ఇక గ్రూపు ఎలా కట్టాలి.

ఆరుగురు. అంతకు మించి పెరిగితే విడగొట్టాలి. ఒక గంట భోజన విరామంలో మనిషికి ఎనిమిది నిమిషాల చొప్పున నలభై ఎనిమిది, మిగతా పన్నెండు నిమిషాలు రాకపోకలకి. ఆరుకి మించితే ఎవరో ఒకరు ప్రతిసారీ మాట్లాడకుండానే లేస్తారు, అదీ ఎక్కువగా అందరికంటే నలిగిపోయిన మనిషే. కనీసం రెండు కంపెనీలవాళ్ళు ఉండాలి. ఒకే మేనేజరు కింద పనిచేసేవాళ్ళు గానీ, ఒకరికొకరు రేటింగు ఇచ్చేవాళ్ళు గానీ ఒకే గ్రూపులో ఉండకూడదు. ఎంత మంచి అక్క అయినా రేటింగు చేతిలో ఉన్న అక్క ముందు నిజం బయటికి రాదు. రెండు మూడేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయి ఒకరు, పదేళ్ళు దాటినావిడ ఒకరు తప్పక ఉండాలి. టెస్టింగ్, సపోర్టు వాళ్ళని మర్చిపోవద్దు, రాత్రి షిఫ్టుల భారం డెవలపర్ల కంటే వాళ్ళ మీదే ఎక్కువ.

రెండు వారాలకోసారి, బుధవారమో గురువారమో, మధ్యాహ్నం. శనివారం వద్దనే నా సలహా. శనివారం ఇంటి పనితో పోటీ పడుతుంది, "ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు" అన్న మూడు ప్రశ్నలకి సమాధానం చెప్పుకునే ఓపిక లేక కొత్త కోడళ్ళే ముందు మానేస్తారు. ఒకసారి ఎదురుగా, తర్వాతిసారి ఫోన్‌లో, వీడియో లేకుండా. ఎదురుగా కలిసేటప్పుడు హైటెక్ సిటీ, దుర్గం చెరువు, రాయదుర్గం మెట్రో స్టేషన్ల దగ్గర చోటు చూసుకుంటే ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్ళు కూడా రాగలరు. నాగోల్, ఉప్పల్, తార్నాక వైపు నుంచి ఒకే రైలు, మియాపూర్, ఎల్‌బీ నగర్ వాళ్ళు అమీర్‌పేటలో మారితే చాలు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట వాళ్ళకి మెట్రో లేదు కాబట్టి వాళ్ళు ఇద్దరికి మించి ఉంటే చోటు అటు మార్చాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా వాన పడే సూచన ఉంటే పొద్దున పదింటికల్లా ఫోన్ కాల్‌కి మార్చేయండి. వానలో బయోడైవర్సిటీ జంక్షన్ దాటి తిరిగి ఆఫీసుకి రావడం గంటలో అయ్యే పని కాదు. ఎవరి ఆఫీసు క్యాంటీనూ వద్దు. పక్క బల్ల మీద ఎవరుంటారో తెలియదు.

ఒక్కొక్కరి ఎనిమిది నిమిషాలు ఇలా: మూడు నిమిషాలు తన లెక్కలోంచి జరిగింది చెప్పడం. మూడు నిమిషాలు మిగతావాళ్ళ ప్రశ్నలు, సలహాలు లేకుండా ప్రశ్నలే. రెండు నిమిషాల్లో ఒక వాక్యం: ఎవరిని, ఏమి, ఏ తేదీలోగా అడుగుతాను. "మేనేజరుతో మాట్లాడతాను" చాలదు. "శుక్రవారం వన్ ఆన్ వన్‌లో, రోస్టర్‌లో ఇంకో ఇద్దరిని కలపమని అడుగుతాను" అనాలి. ఆ ఆరు వాక్యాలే రాసిపెట్టాలి, ఇంకేదీ రాయకూడదు. తర్వాతిసారి మొదలు ఆ ఆరు వాక్యాలతోనే. అడగలేకపోయినా ఫర్వాలేదు, ఎందుకు అడగలేకపోయిందో కనుక్కోవడమే ఆ రోజు పని. నిజంగా గుండె బరువెక్కి వచ్చినావిడ ముందే "ఇవాళ వినండి చాలు" అంటే ప్రశ్నలు కూడా ఆపేయాలి.

సలహాలకి అంత అడ్డు ఎందుకంటే, మనవాళ్ళు ప్రేమ ఎక్కువై సలహా ముందు ఇస్తారు. "నేనైతే మానేసేదాన్ని" అన్న మాట హోమ్‌లోన్ ఉన్న మనిషి నోరు మూయిస్తుంది. ప్రశ్న అయితే "మానేస్తే ఎన్ని నెలలు నెట్టుకురాగలవు" అని లెక్కలోకి దించుతుంది.

చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, గ్రూపు బాధ్యత ఒక్కరి మీద పడటం. "అక్కా, నువ్వే చూసుకో" అని తేదీలు, చోటు, గుర్తుచేయడం అన్నీ పెద్దావిడకి అప్పజెప్పేస్తారు. ఆఫీసులో నోట్స్ రాయకుండా తప్పించిన మనిషికే ఇక్కడ నోట్స్ అంటగట్టినట్టవుతుంది. పిలిచేవాళ్ళు, టైము చూసేవాళ్ళు, వాక్యాలు రాసేవాళ్ళు ప్రతి నెలా మారాలి, పేర్ల వరుసలో.

రెండోది, ఒకే బాధని తవ్వుకుంటూ ఉండిపోవడం. మానసిక శాస్త్రంలో దీన్ని కో-రూమినేషన్ అంటారు. ఆడపిల్లల స్నేహాల మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది ఏంటంటే, ఇలా చేస్తే స్నేహం దగ్గరవుతుంది, దాంతోపాటు ఆందోళనా పెరుగుతుంది. అందుకే మంచి గ్రూపులే ఇందులో పడతాయి. ఒకే విషయం వరుసగా మూడుసార్లు వచ్చి ఏ వాక్యమూ ముందుకి కదలకపోతే, నాలుగోసారి ప్రశ్న మార్చాలి: ఈ టీమ్‌లో ఇది మారుతుందా, లేక టీమ్ మారాలా?

అలాంటప్పుడు జీతాల సంగతి వస్తుంది, దాన్ని దాచుకోవద్దు. సీటీసీలు, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు అంకెలు, పోల్చుకుంటే మాత్రం మోసపోతారు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ అన్నీ కలిసి ఉంటాయి. నెలకి ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్‌లో పోయినేడాది నిజంగా చేతికొచ్చింది ఎంత, షేర్లు ఎన్నేళ్ళకి వస్తాయి, ఇవి మూడూ విడివిడిగా చెప్పుకోవాలి.

మూడోది, బయటి డబ్బు మీద ఆధారపడటం. టెక్ రంగంలో ఆడవాళ్ళ కోసం పనిచేసిన, ప్రపంచమంతా శాఖలున్న విమెన్ హూ కోడ్ సంస్థ 2024 ఏప్రిల్‌లో నిధుల్లేక మూతపడింది. పెద్ద సంస్థల కార్యక్రమాలకి వెళ్ళండి, నేర్చుకోండి, పరిచయాలు పెంచుకోండి. కంపెనీ మహిళా విభాగం పెట్టే సెషన్లకీ వెళ్ళండి. కానీ మీ ఆరుగురి గ్రూపుకి స్పాన్సరు, లోగో, టీషర్టు ఏవీ వద్దు. ఎవరి భోజనం వాళ్ళు కొనుక్కుంటే అది ఏ బడ్జెట్ కోతకీ ఆగదు.

వాట్సాప్ గ్రూపు తేదీలకి, చోటుకి మాత్రమే. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మెసేజ్ వద్దు, ఫార్వర్డులు వద్దు, డిసప్పియరింగ్ మెసేజెస్ ఏడు రోజులకి పెట్టుకోవాలి.

ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చేవాళ్ళకి ఈ గ్రూపు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది, కాబట్టి కాస్త వివరంగా. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు చట్టం ఇచ్చిన హక్కు, అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందు వాడుకోవచ్చు. అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు తల్లి బిడ్డని చూసిరావచ్చు. ఇవి చాలామందికి తెలుసు. చేయని పని ఒకటుంది: సెలవుకి వెళ్ళేముందు ఆ ఏడాది చేసిన పని ఒక పేజీ రాసి మేనేజరుకి, పై మేనేజరుకి మెయిల్ చేయడం. ఆరు నెలల్లో మేనేజరు మారిపోతాడు. కొత్తాయనకి మీరు ఖాళీ కుర్చీగానే కనిపిస్తారు. ఆ మెయిలే మీ తరఫున మాట్లాడుతుంది. తిరిగి రావడానికి పది రోజుల ముందు గ్రూపులో ఒకరు కూర్చుని మూడు ప్రశ్నలు మెయిల్‌గా రాయించాలి: ఏ ప్రాజెక్టు, మొదటి నెల ఆన్‌కాల్ నుంచి మినహాయింపు ఉందా, పాలు తీసుకోవడానికి తలుపు గడియ పడే గదీ ఫ్రిజ్జూ ఎక్కడున్నాయి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు రోజులు నిలుస్తాయి. మన మే నెల ఎండలో క్యాబ్‌లో ఇంటికి తీసుకెళ్ళాలంటే గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న కూలర్ బ్యాగు తప్పనిసరి. మొదటి నాలుగు వారాలు గ్రూపులో ఒకరు వారానికోసారి పదిహేను నిమిషాలు ఫోన్ చేయాలి. చాలామంది రాజీనామా రాసేది ఈ వారాల్లోనే.

ఇంటి సంగతి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. వంటామెని పెట్టుకుంటే నిమిషాలు తగ్గుతాయి, గుర్తుపెట్టుకునే పని తగ్గదు. అందుకే ఇంట్లో పంచేటప్పుడు పనిని ముక్కలుగా ఇవ్వకండి. "అత్తయ్య బీపీ మాత్రలు తెచ్చిపెట్టండి" అంటే మాత్రలు అయిపోతున్నాయని చూసే బాధ్యత మీదే. "అత్తయ్య మందుల సంగతి మొత్తం మీది" అంటే చూడటం, కొనడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం అన్నీ ఆయనవి. మొదటి నెల ఒకసారి ఆలస్యం కావచ్చు. మందుల్లాంటి వాటికి ఒక అట్ట అదనంగా కొనిపెట్టి, మళ్ళీ చేతిలోకి మాత్రం తీసుకోకండి.

గ్రూపు ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. లైంగిక వేధింపు విషయం వస్తే గ్రూపు విచారణ చేయకూడదు, పేర్లు వాట్సాప్‌లో పెట్టకూడదు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. మీరు చేయగలిగింది తేదీలు, మెసేజులు జాగ్రత్త చేయడంలో పక్కన కూర్చోవడం, కమిటీ గది బయటిదాకా తోడు వెళ్ళడం. ఎవరైనా చచ్చిపోవాలనుంది అంటే అది తర్వాతి భేటీకి వాయిదా వేసే మాట కాదు. ఆ రోజే ఒకరు ఆమె దగ్గర ఉండాలి, ఇంకొకరు 14416కి ఫోన్ చేయాలి, ఆమె చెప్పిన ఇంటివాళ్ళకి తెలియజేయాలి.

ఏప్రిల్ అప్రైజళ్ళు, ఏడాది చివరి రిలీజులు, దసరా, సంక్రాంతి ప్రయాణాలు. ఈ రోజుల్లో భేటీ జరగదు, జరగకపోయినా నష్టం లేదు. కానీ ఆపేటప్పుడు మళ్ళీ కలిసే తేదీ పెట్టుకుని ఆపాలి. తేదీ లేకుండా వరుసగా రెండుసార్లు తప్పిన గ్రూపు తిరిగి కూడటం కష్టం, ఎవరు ముందు పిలవాలో తెలియక అందరూ ఆగిపోతారు. ఇద్దరే వచ్చినా భేటీ జరిగినట్టే లెక్క. ఆరు వాక్యాల బదులు రెండు రాసి, రానివాళ్ళని ఎందుకు రాలేదని నిలదీయకుండా, తర్వాతి తేదీ గ్రూపులో పెట్టి లేవండి.